ఉగ్రాణానికి పేరు పెట్టిన బావ

మా అక్క మొగుడు, మా బావ పోయినాడని చెప్పడానికి పోయిన సోమవారం బసవనగుడి నుంచి ఒక మనిషి వచ్చినాడు. బావ రెండో భార్యకి తమ్ముడంట. గడప బయటే నిలబడి, ఎవరికి చెప్పాల్నో తెలియక నన్నూ మా అక్కనూ మార్చి మార్చి చూసి, కడకి గోడకి చెప్పినట్లు చెప్పినాడు. "ఎప్పుడప్పా?" అని అడిగింది అక్క. "నిన్న పొద్దున" అన్నాడు. ఆ మనిషి పోయినంక అక్క తలకి నీళ్ళు పోసుకుని, మిద్దెమీద ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంది. అంతే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ కొంచెం చక్కెర కలుపుతారు. నా దగ్గర చక్కెర లేదు. ఉన్నది ఉన్నట్లు రాస్తాను.

బావ సన్నని మనిషి. పొడుగాటి మెడ, ఆ మెడకి ఎండాకాలం గూడా టై. దండులో, అంటే దొరలుండే కంటోన్మెంటు దిక్కున, ఇంటి సామాన్లు అమ్మే ఒక పెద్ద అంగట్లో గుమాస్తా. పింగాణీ గిన్నెలు, బీరువాలు, పరుపులు, తెరలు, వెండి చెంచాలు. యుద్ధం రోజులు కాబట్టి ఊరంతా పటాలాలు, వాళ్ళ వెనక వాళ్ళ దొరసానులు. అంగడి ఎప్పుడూ కిటకిటలాడేది. పగలంతా ఆ దొరసానుల నోట విన్న మాటల్ని జేబులో వేసుకుని వచ్చినట్లు సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. తెచ్చి ఊరికే ఉండేవాడా? వాటికి పుట్టుకలు చెప్పేవాడు.

దానికొక పద్ధతి ఉండేది. మొదట కళ్ళద్దాలు తీస్తాడు. టై కొసతో తుడుస్తాడు. ఒక కన్ను మూస్తాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, నస్యం పట్టుకున్నట్లు గాల్లో పట్టుకుని, "వినండి, దీని పుట్టుక చెప్తాను" అంటాడు. ఇక ఎవరూ కదలకూడదు.

పాన్ అంటే పెనం, పెనాలు పెట్టే గది కాబట్టి పాంట్రీ. బట్టర్ అంటే వెన్న, వెన్న వడ్డించేవాడు కాబట్టి బట్లర్. కట్ అంటే కోయడం, కోసేవి కాబట్టి కట్లరీ, కోసి చేసేది కాబట్టి కట్లెట్. ఒకే రకంగా వినబడే రెండు మాటలు దొరికితే చాలు, వాటిని పక్కపక్కన కూర్చోబెట్టి బలవంతంగా పెండ్లి చేసేవాడు. పాంట్రీ వచ్చింది రొట్టె నుంచనీ, బట్లర్ సీసాలు చూసుకునేవాడనీ, కట్లెట్ అనేది పక్కటెముక అనీ తరువాత నేను కాలేజీలో చదువుకున్నాను. అప్పుడు మాత్రం మాకేమి తెలుసు? నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

తప్పులు చెప్పినాడని నాకు కోపం కాదు. తప్పులు అందరూ చెప్తారు. ఈయన ఆ తప్పులతో మనుషుల్ని కొట్టేవాడు. వాళ్ళింట్లో మగవాళ్ళు తిని లేచేదాకా ఆడవాళ్ళకి విస్తరి పడదు. ఈయన పుట్టుక అయ్యేదాకా మగవాళ్ళు లేవరు. చారు మీద నెయ్యి గడ్డకట్టేది. నేను సెలవులకి అక్కింటికి పోయినప్పుడల్లా కడుపు కాల్చుకుంటా వంటింటి గోడకి ఆనుకుని బట్లర్ గురించి విన్నదాన్నే.

అక్కది అయిదో క్లాసు వరకు కన్నడ చదువు. తెల్లారి కాఫీ ఇచ్చేటప్పుడు "సాసర్ అని చెప్పి ఇయ్యి" అనేవాడు. ఆమె "ససరు" అనేది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. వేడి లోటా ఆమె చీర కొంగులో అట్లనే ఉండేది. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు. కబర్డ్ అనే మాటలో ఒక అక్షరం రాస్తారు గానీ పలకరు. ఆయన ఒక్కొక్క అక్షరం చెప్పి పలకమంటే అక్క దాన్ని గూడా పలికింది. "ఆ మాటలో అక్షరం ఉండాది, శబ్దం లేదు. నీలో శబ్దం ఉండాది, అక్షరం లేదు" అన్నాడు. ఆ హాస్యానికి ఆయనే నవ్వుకుని, అది నాకు నచ్చిందా లేదా అని నా దిక్కు చూసినాడు.

నన్ను "సిస్టరిన్‌లా" అని పిలిచేవాడు. లా అంటే చట్టం కాబట్టి చట్టప్రకారం నేను ఆయనకి చెల్లెలంట.

నగర్తపేటలో మా ఇంటికి వస్తే మా అవ్వను గూడా వదిలేవాడు కాదు. మా నాయన అక్కడే జరీ అంచుల వ్యాపారం చేసేవాడు. కింద అంగడి, పైన ఇల్లు. ఒకసారి అవ్వ "నాయనా, మంచం మీద కూర్చో" అంది.

"మంచం కాదవ్వా, కాట్. కాటన్ పరుపు వేసేది కాబట్టి కాట్. ఇది పచ్చి ఇంగ్లీషు మాట. ఈ వస్తువుకి మన దేశంలో సరైన మాటే లేదు."

"మాట లేకుంటే ఇంతసేపు దేనిమీద కూచోనుండావప్పా?" అంది అవ్వ.

ఆయన పచ్చి ఇంగ్లీషు అన్న ఆ కాట్ మన ఉత్తరాది వాళ్ళ ఖాట్. దొరలు ఇక్కడికొచ్చి మంచం మీద పండుకుని, లేచిపోయేటప్పుడు దాని పేరు గూడా పట్టుకుపోయినారు.

ఒక్కసారి ఆయన మీద నాకు జాలి కలగబోయింది. అది గూడా చెప్పాల. ఒకనాడు కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి అంగడికి పోయినాడు. అక్కా నేనూ జట్కా కట్టించుకుని తీసుకుపోయినాం. లోపలికి పోతే ఈయన నేలమీద మోకాళ్ళేసుకుని గడ్డిలో సాసర్లు చుడతా ఉండాడు. పైన ఒక దొరసాని నిలబడి అద్దాల బీరువా ఒకటి చూపించి ఏమో అడిగింది. ఈయన మోకాళ్ళ మీదనే తలెత్తి, రెండు వేళ్ళు కలిపి, "డ్రెసర్, మేడమ్, డ్రెస్ నుంచి వచ్చిన..." అని మొదలుపెట్టినాడు. "నేను అడిగింది ధర" అంది ఆమె. ఈయన నవ్వినాడు. ఇంట్లో మేము ఎన్నడూ చూడని నవ్వు అది. పండ్లన్నీ కనబడేటట్లు, మెడ ఒకపక్కకి వంచి.

అప్పుడే మమ్మల్ని చూసినాడు. గబగబా వచ్చి అక్క చేతిలోంచి కళ్ళద్దాలు లాక్కున్నాడు. పక్కనున్న ఇంకో గుమాస్తా "ఎవరు వీళ్ళు?" అని కన్నడలో అడిగితే, "ఇంటి పనివాళ్ళు. అమ్మ పంపించింది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు జట్కాలో అక్క చేతి గాజులు పైకీ కిందికీ జరుపుకుంటా కూర్చుంది. నా జాలి ఆ దండులోనే దిగిపోయింది.

ఇక లార్డర్ సంగతి.

వాళ్ళింట్లో వంటింటిని ఆనుకుని ఒక ఉగ్రాణం ఉండేది. బియ్యం, పప్పుబేడలు, బెల్లం, నెయ్యి, ఊరగాయలు అన్నీ అందులో. ఆ గది బావ వాళ్ళ అమ్మ రాజ్యం. ఆమె మడి అంటే మామూలు మడి కాదు. మా కులంలో గుడ్డు అనే మాట గూడా గొంతు తగ్గించి అంటారు. ఆమె ఆ మాట వినబడితే చెవులు కడుక్కునే రకం. స్నానం కానిదే ఉగ్రాణం గడప తాకకూడదు.

ఒకనాడు బావ దండు నుంచి ఒక పెయింటరును పిలుచుకొచ్చి ఆ గది తలుపు మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో "లార్డర్" అని రాయించినాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. వాళ్ళమ్మ "ఏమప్పా ఇది?" అంది. కళ్ళద్దాలు తీసినాడు, తుడిచినాడు, కన్ను మూసినాడు.

"లార్డ్ అంటే ఏమి? ప్రభువు. దేవుణ్ణి గూడా లార్డ్ అనే అంటారు. దేవుడుండే గది కాబట్టి లార్డర్. మన అన్నపూర్ణ ఉండే గది అన్నట్లు."

ఆమె మురిసిపోయింది. కొడుకు తన గదిని గుడి చేసినాడు. అప్పటినుంచి ఆ అక్షరాల కింద రోజూ పసుపు రాసి కుంకుమ పెట్టేది. మామిడాకులు కట్టింది. ఎదురుగా పోయేటప్పుడు చెయ్యెత్తి మొక్కేది. ఎవరైనా ఉగ్రాణం అంటే బావ ఒప్పుకునేవాడు కాదు. అక్క గూడా లార్డర్‌లో బేడలు అయిపోయినాయి, లార్డర్‌లో ఎలుక వచ్చింది అనాల్సిందే.

దసరా వచ్చింది. వాళ్ళింట్లో బొమ్మలు కూర్చోబెట్టినారు. బావకి ఒక ఆలోచన వచ్చింది. అంగడి మేనేజరు దొర భార్యను బొమ్మలు చూడ్డానికి పిలిచినాడు. ఆమె వస్తానంది. ఆ వారమంతా ఇంట్లో అందరికీ ప్రాణం పోయింది. అక్కకి "వెల్‌కమ్" అనడం నేర్పించినాడు, నేర్పించి మళ్ళీ "నువ్వు మాట్లాడకుంటేనే మేలు" అన్నాడు.

దొరసాని వచ్చింది. మంచి ఆమెనే. గడప దగ్గర చెప్పులు గూడా విడిచింది. వెంట ఒక ఆయా. అరుగంతా పేరంటాళ్ళు, వీధిలో ఆడవాళ్ళంతా దొరసానిని చూడాలని వచ్చినారు. బొమ్మలు చూసి, గుగ్గిళ్ళు తిని, ఆమె వంటింటి దిక్కు తల తిప్పింది. తలుపు కనబడింది. పసుపు, కుంకుమ, మామిడాకులు, వాటి మధ్యన ఆ మాట.

"ఎంత ముద్దుగా ఉంది! లార్డర్‌కి పూజ చేస్తారా మీరు?" అంది ఇంగ్లీషులో.

బావ కళ్ళద్దాలు తీసినాడు. పుట్టుక చెప్పినాడు. ప్రభువు, దేవుడు, అంతా చెప్పినాడు. దొరసాని మొదట అర్థంకాక చూసింది. తరువాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఎగతాళి కాదు, పిల్లవాడి మాటకి నవ్వినట్లు. "కాదు, కాదు. లార్డ్ కాదు, లార్డ్... ఆ లార్డ్ వేరే. పంది కొవ్వు! పాతకాలంలో పందిమాంసం దాచే గది" అంది.

ఆడవాళ్ళకి ఇంగ్లీషు తెలియదు. దొరసాని ఎందుకు నవ్వుతా ఉండాదో తెలుసుకోవాలని అందరూ ఆయా దిక్కు చూసినారు. ఆయా పాపం దాపరికం లేకుండా కన్నడలో చెప్పేసింది. "హంది కొబ్బు ఇడో కోణె అంతె." పంది కొవ్వు పెట్టే గది అంట.

అరుగు మీద అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బావ వాళ్ళమ్మ మొగం చూడాల్సింది. పొద్దున ఆ తలుపుకి కుంకుమ పెట్టిన వేలును ఆమె వేరే ఎవరిదో అన్నట్లు దూరంగా పట్టుకుని చూసుకుంది.

"ఎవరు పెట్టినారు ఈ పేరు?" అంది.

ఎవరు పెట్టినారో ఆమెకి తెలియదా? ఆమె ముందరే గదా పెట్టినాడు. అయినా అడిగింది. ఇంకొక జవాబు కావాల్నని అడిగింది. కొడుకు ఆ జవాబు ఇచ్చినాడు. మొదట దొరసానితో ఇంగ్లీషులో "నా భార్య సరదా, మేడమ్" అన్నాడు. తరువాత వాళ్ళమ్మ దిక్కు తిరిగి, "ఇదే రాయించింది, నీ కోడలు. పుట్టింటి వీధిలో ఎవరో చెప్పినారంట. నేను వద్దంటానే ఉన్నా. నువ్వు బాధపడతావని నీకు ఏదో సర్దిచెప్పినా" అన్నాడు. చెప్పేటప్పుడు ఒక్క అక్షరం గూడా తడబడలేదు.

అక్క చేతిలో గుగ్గిళ్ళ పళ్ళెం ఉంది. ఆమె దాన్ని కింద పెట్టలేదు, విసరలేదు. మొగుణ్ణి చూసింది. మేనేజరు భార్యను వాకిట్లో బండి ఎక్కించడానికి ఆయన అప్పటికే గొడుగు పట్టుకుని పరిగెత్తతా ఉండాడు.

"బావే రాయించినాడు, నేను చూసినాను" అని నేను అరిచినాను. "చిన్నదానివి, సుమ్మనుండు" అని నా నోరు మూయించింది ముసలామె.

ఆ సాయంత్రమే ఉగ్రాణం ఖాళీ చేయించింది. రేషను కాలం అది. బియ్యానికీ చక్కెరకీ జనం వీధుల్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతా ఉండిన రోజులు. బియ్యం, బెల్లం, కొత్త చింతపండు, ఏడాది ఊరగాయలు అన్నీ పశువుల కొట్టానికి పంపించేసింది. అక్క చేత పేడనీళ్ళతో గది కడిగించింది. వంటకత్తితో ఆ అక్షరాలు గీకించింది. పెయింటు మంచిది, తొందరగా రాలేదు. అక్క గోళ్ళలో నల్ల పెచ్చులు ఇరుక్కుని నెత్తురొచ్చింది. బావ నడవలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటా ఉన్నాడు.

మరునాడు మమ్మల్నిద్దర్నీ జట్కా ఎక్కించినారు. "ఇంటిని మైలపరిచినదానికి బుద్ధి వచ్చేదాకా మీ దగ్గరే ఉండనీ" అని మా నాయనకి కబురు.

నాయన మెత్తని మనిషి. "ఆ పేరు పెట్టింది ఆయనే" అని నేను ఎంత చెప్పినా, "ఆ మాట మనం బయట అంటే ఆయప్పకి అవమానం గదమ్మా" అన్నాడు. అమ్మ ఏడ్చింది. అక్క ఏడవలేదు. పక్కింటివాళ్ళ కుట్టుమిషను తెచ్చి పెట్టుకుని జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. మా అంగడికి వచ్చిన ఆడవాళ్ళు జరీ అంచు కొని, పైకి వచ్చి ఆమెకి జాకెట్టు గుడ్డ ఇచ్చిపోవడం మొదలైంది.

ఉగాది దగ్గరికి వచ్చినప్పుడు బావ వచ్చినాడు. టోపీ తీసి, కుర్చీలో కూర్చుని, కాఫీ తాగినాడు. నాయనతో మాట్లాడినాడు. "అమ్మ కోపం కొంచెం తగ్గింది. ఇది వచ్చి కాళ్ళకి మొక్కి, తప్పయింది అంటే సరిపోతాది. నేను సర్దిచెప్తాను."

నాయన మొగం విప్పారింది. ఇంతేనా అన్నట్లు అక్క దిక్కు చూసినాడు. అక్క వంటింటి గడప దాటి ముందరికి వచ్చింది.

"వస్తాను. మొక్కుతాను. తప్పయింది అని గూడా అంటాను. మీరు మాత్రం మీ అమ్మ ముందర ఒక్క మాట చెప్పండి. ఆ పేరు నేనే రాయించినాను అని. అది చాలు."

బావ కళ్ళద్దాలు తీసినాడు. టై కొస వెదుక్కున్నాడు.

"హస్బెండ్ అంటే ఏమి తెలుసునా నీకు? విను. హౌస్ అంటే ఇల్లు. బ్యాండ్ అంటే పట్టీ. పీపా పగిలిపోకుండా చుట్టూ ఇనుప పట్టీ ఉంటాది చూడు, అట్ల ఇంటిని బిగించి పట్టుకునేవాడు..."

"పుట్టుక వద్దు" అంది అక్క. "చెప్తారా, చెప్పరా?"

ఆయన మాటను మధ్యలో తెంపినవాళ్ళు అంతవరకు మా ఇంట్లో ఎవరూ లేరు. ఆ రెండు వేళ్ళు గాల్లో అట్లనే ఉండిపోయినాయి. "కన్నతల్లి ముందర నన్ను అబద్ధాలకోరును చేయాలనా?" అన్నాడు.

"కొత్తగా చేసేదేముండాది?"

మా నాయన నేల చూపులు చూస్తా కూర్చున్నవాడు, గొంతు సవరించుకుని, "బిడ్డ అడిగింది ఒక మాటే గదా నాయనా" అన్నాడు. ఆయన జన్మలో అల్లుడికి ఎదురు చెప్పింది అదొక్కటే. కానీ చెప్పినాడు.

బావ లేచినాడు. టోపీ పెట్టుకుని మెట్లు దిగినాడు. వీధిలోకి పోయి, పైకి చూసి, నలుగురూ వినాలని గట్టిగా అరిచినాడు.

"హస్సీ!"

నగర్తపేటలో ఆ ఇంగ్లీషు ఎవరికి తెలుసు? జరీ మూటలు మోసేవాళ్ళు మోస్తానే ఉన్నారు. ఎదురంగడి సాయిబు ఆయన తుమ్మినాడనుకుని, దారి ఇయ్యడానికి కొంచెం పక్కకి జరిగినాడు. ఇంకోసారి అరుద్దామా వద్దా అన్నట్లు నిలబడి, కడకి వెళ్ళిపోయినాడు.

అక్క నన్ను అడిగింది, ఏమంట అది అని. నాకు స్కూల్లో చదివిన గుర్తు. "చెడ్డ ఆడది అని" చెప్పినాను. ఆమె తలూపి మిషను దగ్గరికి పోయింది. ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు. తెలుగులో తిట్టి ఉంటే ఎదురు తిట్టి కడిగేసుకునేది. కన్నడలో అయినా సరే. ఈ మాటకి ఆమె దగ్గర మాట లేదు. ఎప్పుడో బట్టలు మడతపెడతా పెడతా "అది ఎట్ల రాస్తారే?" అని అడిగేది. కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఇంగ్లీషులో ఒక ముక్క మాట్లాడితే చాలు, ఆమె మొగం గట్టిపడేది.

ఆయన మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు ఇంకో పెండ్లి చేసుకున్నాడు. దొరలు మూటాముల్లె సర్దుకుని పోయినంక అంగడి చేతులు మారింది. టోపీ, టై మాయమై ఖద్దరు వచ్చింది. ఇంగ్లీషు మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టినాయని చెప్తా ఉండాడని విన్నాము. కెటిల్ మన ఘటమే అంట, మిర్రర్ మన మరీచే అంట. వేళ్ళు మాత్రం అట్లనే పట్టుకుంటా ఉండి ఉంటాడు.

నేను కాలేజీలో చేరినాను. నాయన ఒప్పుకోకపోతే అక్క ఒప్పించింది. మాకు ఇంగ్లీషు చెప్పే మేడమ్ పెద్దామె, నెమ్మది మనిషి. ఒకనాడు పాఠం మధ్యలో, ఇంటికి సంబంధించిన మాటలు కాలం గడిచేకొద్దీ ఎట్ల మారిపోతాయో చెప్తా ఉంది. హస్బెండ్ అంటే ఇంటిని కట్టే పట్టీ కాదంట, ఇంట్లో కాపురముండే యజమాని అంట. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. నేను రాసుకునేది గూడా మరిచి కూర్చున్నాను. గంట కొట్టినంక ఆమె వెంటబడి మళ్ళీ అడిగి, సరిగ్గా విన్నానని తేల్చుకుని ఇంటికి పరిగెత్తినాను.

అక్క పెరట్లో రోటి దగ్గర చట్నీ రుబ్బతా ఉంది.

"అక్కా, హస్సీ అంటే మొదట్లో చెడ్డ మాట కాదంట. హౌస్‌వైఫ్ అనే మాటే, పలికి పలికి అరిగిపోయి అట్లయిందంట."

"అంటే?"

"ఇల్లాలు."

ఆమె చెయ్యి రోటి మీద ఆగిపోయింది. "ఏమంటివి?"

"ఇల్లాలు అని. అంతే."

తరువాత దాని అర్థం మారిపోయింది, బావ తిట్టిన నాటికి అది తిట్టే, అని చెప్పబోయి ఊరుకున్నాను. ఎందుకంటే అక్క నవ్వడం మొదలుపెట్టింది. చట్నీ అంటిన చెయ్యి పైకెత్తి పట్టుకుని, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటా, ఊపిరాడకుండా నవ్వింది. లోపల్నుంచి అమ్మ ఏమైందో అని పరిగెత్తుకుని వచ్చింది.

"అమ్మా, విన్నావా?" అంది అక్క. "ఆయప్పకి తిట్టేది గూడా రాలేదమ్మా!"